సంఘాల్లోని సింగిల్స్ కోసం వారాంతపు సదస్సు: మొదటి మాట నుంచి చివరి లెక్క దాకా

మన సంఘాల్లో సండే స్కూల్ ఉంది, యవనస్థుల కూటమి ఉంది, స్త్రీల సమాజం ఉంది, ఏడాదికోసారి దంపతుల సదస్సు కూడా పెడతారు. మరి ముప్పై రెండేళ్ళొచ్చినా పెళ్ళికాని నర్సు, భార్య పోయి ఒంటరిగా ఉన్న నలభై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగి, విడాకులయ్యాక చిన్న పాపతో పుట్టింట్లో ఉంటున్న టీచర్ వీటిలో ఎక్కడ కూర్చోవాలి? యూత్ మీటింగ్‌కి వెళ్తే చుట్టూ ఇంటర్ పిల్లలు, దంపతుల సదస్సుకి ఎలాగూ పిలవరు. అందుకే చాలామంది వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం అయ్యీ అవ్వగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు. గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు, "ఏమ్మా, ఇంకా ఏమీ కుదరలేదా?" అని అడగడానికి ఎవరో ఒకరు రెడీగా ఉంటారు.

ఇలాంటివాళ్ళ కోసం శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నం భోజనంతో ముగిసే సదస్సు ఎలా చేయాలో చెప్తాను. హైదరాబాద్, సికింద్రాబాద్‌లో నాలుగైదు సంఘాలు కలిసి అరవై డెబ్బై మందితో చేసే సదస్సును మనసులో పెట్టుకుని రాస్తున్నాను, కానీ విజయవాడలో చేసినా విశాఖలో చేసినా పని అదే. ఏ నిర్ణయం దగ్గరైనా ఒక్క ప్రశ్న అడుగుతూ ఉండండి: వచ్చేవాళ్ళని పెద్దవాళ్ళుగా చూస్తున్నామా, లేక పెళ్ళి అనే పరీక్ష ఇంకా పాసవ్వని పిల్లలుగా చూస్తున్నామా? పేరు, టైమ్ టేబుల్, గదులు, ప్రసంగాలు, అన్నీ ఈ ప్రశ్న మీదే ఆధారపడతాయి.

మొదట మనుషులు (నాలుగు నెలల ముందు)

కమిటీకి ఐదుగురు నుంచి ఏడుగురు చాలు, వాళ్ళలో సగానికి పైగా సింగిల్సే ఉండాలి. పెళ్ళైన పెద్దలంతా కూర్చుని "పాపం, వాళ్ళ కోసం ఏదైనా చేద్దాం" అనుకుని పెట్టే సదస్సు వాసన పాంప్లెట్‌లోనే తెలిసిపోతుంది, ఎవరూ రారు. పెళ్ళికానివాళ్ళతో పాటు భర్తో భార్యో పోయినవాళ్ళు ఒకరు, విడాకులైనవాళ్ళు ఒకరు కమిటీలో ఉంటే, మిగతావాళ్ళకి తట్టని విషయాలు మొదటి మీటింగ్‌లోనే బయటికొస్తాయి. వంట, బస్సు, గదులు చూసుకోవడానికి ఓపికున్న దంపతులు ఒక జంట సాయంగా ఉంటే మంచిదే, సాయంగా మాత్రమే.

డబ్బు ఒకరికి, రిజిస్ట్రేషన్ ఒకరికి, కార్యక్రమం ఒకరికి, బస, భోజనాలు ఒకరికి, ఆడవాళ్ళ గదులు, భద్రత ఒక సిస్టర్‌కి అప్పగించండి. అన్నీ అందరూ చూసుకుందాం అనుకుంటే చివరి వారం అన్నీ ఒక్కరి నెత్తిన పడతాయి.

తర్వాత పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళండి. ఉత్త చేతులతో కాదు, ఒక పేజీ కాగితంతో: ఎవరి కోసం, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు మాట్లాడతారు, డబ్బు ఏ ఖాతాలోకి వస్తుంది. నాలుగు సంఘాలు కలిసి చేస్తున్నప్పుడు పాస్టర్లందరికీ ఉండే భయం ఒకటే, పైకి అనరు గానీ: మా బిడ్డల్ని వాళ్ళ సంఘంలోకి లాగేసుకుంటారేమో అని. ఆ విషయం మీరే ముందు ఎత్తండి. సదస్సులో ఏ సంఘం కరపత్రాలూ పంచమని, ఎవరి నంబర్లూ ఏ సంఘానికీ ఇవ్వమని అదే కాగితం మీద రాసి ఇవ్వండి. సీఎస్‌ఐ, బాప్టిస్టు, లూథరన్, పెంతెకొస్తు కలిసినప్పుడు ఆరాధన పద్ధతి, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఎవరు ఇస్తారు అన్నవి కూడా ఆ రోజే తేల్చుకోండి, వేదిక మీద కాదు.

ఎవరికి? ఏ పేరుతో?

వయసు పరిమితి పెట్టండి. ఇరవై ఐదు పైన అనండి, పై పరిమితి యాభై దగ్గర ఆపండి. ఇరవై ఏళ్ళ డిగ్రీ విద్యార్థులు వస్తే సదస్సు మొత్తం యూత్ క్యాంపుగా మారిపోతుంది, ఆటలూ పాటలూ వాళ్ళ స్థాయికి దిగిపోతాయి, నలభై ఏళ్ళవాళ్ళు మూలకి చేరతారు. పెళ్ళికానివాళ్ళు, జీవిత భాగస్వామిని కోల్పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు, విడిగా ఉంటున్నవాళ్ళు, అందరూ రావచ్చని పాంప్లెట్ మీద స్పష్టంగా వేయండి. వేయకపోతే విడాకులైనవాళ్ళు ఇది మనకి కాదులే అనుకుంటారు, ఎందుకంటే చాలా సంఘాల్లో వాళ్ళకి ఎదురైన అనుభవం అదే.

పేరులో మాత్రం 'అవివాహితుల' అనే మాట వద్దు. ఆ బ్యానర్ కింద నిలబడి ఫోటో దిగడానికి ఎవరికి మనసొప్పుతుంది? అంశాన్నే పేరుగా పెట్టి, ఎవరి కోసమో కింద చిన్న అక్షరాల్లో రాస్తే సరిపోతుంది.

తేదీ పట్టుకోవడం

తేదీ కుదరడమే సగం పని. మీరు పిలుస్తున్నవాళ్ళలో చాలామంది సంఘంలో పనిచేసేవాళ్ళే: కీబోర్డు వాయించేది వాళ్ళే, సండే స్కూల్ చెప్పేది వాళ్ళే. ఇంటి బాధ్యత లేదు కదా అని అన్నీ వాళ్ళకే అప్పజెప్తారు మరి. అలాంటివాళ్ళు ఆదివారం మానేయాలంటే పాస్టర్ గారికి రెండు నెలల ముందే తెలియాలి.

చాలా సంఘాల్లో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది కాబట్టి ఆ వారాంతం వదిలేయండి. బ్యాంకులకి 2015 సెప్టెంబర్ నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు, రెండో శనివారం చాలా ఆఫీసులకీ స్కూళ్ళకీ కూడా సెలవే. రెండో శనివారం పక్కన వచ్చే ఆదివారం ఎప్పటికీ మొదటి ఆదివారం కాదు, కాబట్టి నా ఓటు ఎప్పుడూ దానికే. పొడుగు సెలవులు చూసి ఆశపడకండి. 2026లో అక్టోబర్ 2 శుక్రవారం పడింది, చూడ్డానికి మూడు రోజులు కలిసొచ్చినట్టే ఉంటుంది, కానీ 4వ తేదీ మొదటి ఆదివారం. పైగా అలాంటి వారాంతాల్లో బస్సు టికెట్లు, రిసార్టు రేట్లు రెండూ పైకే చూస్తాయి.

ఈస్టర్‌కి ముందొచ్చే లెంటు నలభై రోజులు వద్దు, డిసెంబర్ అసలే వద్దు, ఆ నెలంతా సెమీ క్రిస్మస్‌లతో గాయక బృందానికి ఊపిరి కూడా ఆడదు. సంక్రాంతి వారం ప్రయాణం నరకం. మార్చిలో ఇంటర్, టెన్త్ పరీక్షలు, టీచర్లకి ఇన్విజిలేషన్. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు, వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ స్కూల్), దానికి తోడు పెళ్ళిళ్ళు. కోస్తాలో అయితే అక్టోబర్, నవంబర్ తుపాన్లు కూడా చూసుకోవాలి. మిగిలేవి జనవరి చివర నుంచి లెంటు మొదలయ్యేలోపు, మళ్ళీ జూలై నుంచి సెప్టెంబర్ దాకా.

తేదీ ఖాయం కాగానే ప్రకటించేయండి. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, బయటి ఊళ్ళవాళ్ళు టికెట్ తీసుకోవాలంటే మీ ప్రకటన అంతకంటే ముందే అందాలి. నర్సులకి డ్యూటీ చార్ట్ వేసేలోపు చెప్పాలి, లేకపోతే శనివారం నైట్ పడుతుంది, ఇక రారు.

చోటు

రెండు రాత్రుల సదస్సుకి ప్రయాణం రెండు, మూడు గంటలు దాటకూడదు. అరకు, హార్స్లీ హిల్స్ వినడానికి బాగుంటాయి, కానీ హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకి దారిలోనే శనివారం అయిపోతుంది. విశాఖవాళ్ళకి అరకు సరే, శీతాకాలం వారాంతాల్లో తప్ప. హైదరాబాద్‌లో శామీర్‌పేట, మొయినాబాద్, చేవెళ్ళ వైపు రిసార్టులున్నాయి. మిషన్ కాంపౌండ్లు, సంఘాల రిట్రీట్ సెంటర్లు, సెలవుల్లో ఖాళీగా ఉండే మిషన్ కాలేజీ హాస్టళ్ళు వాటికంటే చవక. కానీ హాస్టల్ అన్నప్పుడు మళ్ళీ మన ప్రశ్న దగ్గరికి రండి. నలభై రెండేళ్ళ మనిషిని బంకు మంచం పైమెట్టు ఎక్కమంటే ఎక్కుతారా? గదికి ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఒక్కరే గది కావాలనేవాళ్ళకి ఎక్కువ రుసుముతో ఆ వీలు కూడా ఇవ్వండి.

ఫోన్లో మాట్లాడి అడ్వాన్సు పంపేయకండి, ఇద్దరు వెళ్ళి చూసిరండి. అందులో ఒకరు ఆడవాళ్ళై ఉండాలి. గదుల లోపలి గొళ్ళేలు సరిగా పడుతున్నాయా, బాత్రూముల్లో నీళ్ళు పొద్దున్న ఏడింటికి కూడా వస్తాయా, కరెంటు పోతే జనరేటర్ హాలుకేనా గదులకి కూడానా, గదుల నుంచి హాలుకి వెళ్ళే దారిలో రాత్రిపూట లైట్లున్నాయా, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, ఇవన్నీ చూడండి. ఒక విషయం తప్పక అడగండి: అదే రోజు పక్క లాన్‌లో ఇంకేదైనా ఫంక్షన్ ఉందా? ముహూర్తాల రోజైతే శనివారం రాత్రి మీరు ప్రార్థనలో ఉండగా గోడ అవతల బరాత్ బ్యాండు మొదలవుతుంది, సింగిల్స్ సదస్సుకి అంతకంటే వెటకారం ఉండదు. మీ సౌండ్ సంగతి కూడా చూసుకోండి, రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు చట్టం ప్రకారం కుదరదు.

డబ్బు లెక్క

ఎంతమంది వచ్చినా మారని ఖర్చు ఒక పక్క, మనిషికింత అని పెరిగే ఖర్చు ఇంకో పక్క రాయండి. ఉదాహరణకి హాలు, సౌండ్, బస్సు, ప్రసంగీకుల ప్రయాణం కలిపి అరవై వేలు అనుకుందాం, బసకీ భోజనానికీ మనిషికి 1,800 అనుకుందాం. అరవై మంది వస్తే ఒక్కొక్కరికి 2,800 పడుతుంది, నలభై మందే వస్తే 3,300. రుసుము ఎప్పుడూ తక్కువ సంఖ్య మీదే కట్టండి. అరవై మంది వస్తారన్న విశ్వాసం మంచిదే, కానీ కేటరింగ్ అతను అడ్వాన్సు అడిగేది విశ్వాసం చూసి కాదు.

సగం డబ్బు కడితేనే పేరు రాసుకుంటామని ఖచ్చితంగా చెప్పండి. "అక్కా, వచ్చాక ఇస్తాలే" అన్నవాళ్ళలో ఎంతమంది వస్తారో మీకూ తెలుసు. డబ్బు సంఘం ఖాతాలోకే రావాలి, ఎవరి సొంత ఫోన్‌పే నంబరూ పాంప్లెట్ మీద ఉండకూడదు. కట్టలేనివాళ్ళ కోసం రిజిస్ట్రేషన్ ఫారంలోనే ఒక గడి పెట్టండి: ఇప్పుడు ఎంత కట్టగలరు? అది కోశాధికారికి తప్ప ఎవరికీ కనిపించకూడదు. ఆ లోటు కోసం సంఘంలో ఇవ్వగలవాళ్ళని విడిగా కలిసి అడగండి. ఆదివారం వేదిక మీద నుంచి "మన ఒంటరి సహోదరీలకి సాయం చేయండి" అని కానుక పట్టారంటే, ఆ సహోదరీలు ఒక్కరు కూడా రారు.

ఏం మాట్లాడాలి, ఎవరు మాట్లాడాలి

ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి. మన దగ్గర పెళ్ళికానివాళ్ళ మధ్య వాక్యం అనగానే ఆదికాండం 24 తీసి ఇస్సాకు, రిబ్కాల పెళ్ళి కథ చెప్పేస్తారు. ఇక్కడికొచ్చేవాళ్ళు అది ఇప్పటికే బోలెడన్నిసార్లు విని ఉంటారు, భార్యని కోల్పోయిన మనిషికైతే దానిలో దొరికేది ఏమీ లేదు. మొదటి కొరింథీ 7 తీసుకోండి, అక్కడ పౌలు పెళ్ళినీ, పెళ్ళి లేకుండా ఉండటాన్నీ రెండిటినీ దేవుని వరంగానే చెప్పాడు. యిర్మీయా 16లో ప్రవక్తని పెళ్ళి చేసుకోవద్దని దేవుడే అంటాడు. లూకా 2లో అన్న అనే ప్రవక్త్రి పెళ్ళైన ఏడేళ్ళకే భర్తని పోగొట్టుకుని ముసలితనం దాకా దేవాలయంలో సేవ చేసింది. ఊదారంగు బట్టలు అమ్మే లూదియ తన ఇంట్లోనే పౌలు బృందానికి చోటిచ్చింది. తన్ను తాను ఎండిన చెట్టుననుకునేవాడితో దేవుడు మాట్లాడే యెషయా 56 అయితే ఒక పూట మొత్తానికి సరిపోతుంది. అన్నిటికంటే ముందు, యేసు ప్రభువు ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదన్న సంగతి మన ప్రసంగాల్లో ఎంత అరుదుగా వినిపిస్తుందో ఆలోచించండి.

మన నేల మీద నడిచినవాళ్ళ కథలు కూడా చెప్పించండి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, ఆడవాళ్ళకి వైద్యం మొదలుపెట్టి, ఆసుపత్రి కట్టి, 1930లో చనిపోయేదాకా అక్కడే ఉంది, పెళ్ళి చేసుకోలేదు. కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టినవాళ్ళు మీ సదస్సులోనే ఎవరైనా ఉండొచ్చు. పండిత రమాబాయి పెళ్ళైన రెండేళ్ళకే భర్తని కోల్పోయి, చంటి కూతురితో మిగిలి, ఆ తర్వాతే పుణె దగ్గర కేడ్‌గావ్‌లో వందల మంది వితంతువులకీ అనాథలకీ ఇల్లయింది. ఈ కథలు త్యాగం, త్యాగం అని ఊదరగొట్టడానికి కాదు, పెళ్ళి లేని బతుకు కూడా నిండుగా ఉంటుందని చూపించడానికి.

ప్రసంగీకులు ఇద్దరు, ముగ్గురు చాలు. వాళ్ళలో ఒకరైనా సింగిల్, ఒకరైనా స్త్రీ ఉండాలి. ఫోన్ చేసినప్పుడే మొహమాటం లేకుండా చెప్పేయాల్సినవి కొన్ని ఉన్నాయి. "ఇక్కడ ఎన్ని జంటలు సెట్ అవుతాయో చూద్దాం" లాంటి జోకులు వద్దు. "వచ్చే ఏడాదికి మీరంతా జంటలుగా రావాలి" అని ప్రార్థన చేయవద్దు, ఇది మాత్రం రెండుసార్లు చెప్పండి, అలవాటు కొద్దీ వచ్చేస్తుంది. కన్నీళ్ళు పెట్టించి చేతులెత్తించే పిలుపు కూడా వద్దు. "అయ్యగారూ, మీరు మాట్లాడేది ఇలాంటివాళ్ళతో, వాళ్ళకి తగిలే మాటలు ఇవి" అని మర్యాదగా చెప్తే ఎవరూ తప్పుగా తీసుకోరు.

టైమ్ నలభై ఐదు నిమిషాలు. ఇంగ్లిష్‌లో మాట్లాడి పక్కన తర్జుమా పెట్టుకుంటే అదే ప్రసంగం గంటన్నర అవుతుంది, కాబట్టి నేరుగా తెలుగులో మాట్లాడేవాళ్ళనే చూడండి. ముందు వరసలో ఒకరు మిగిలిన టైమ్ చూపించే కార్డు పట్టుకుని కూర్చోవాలి. ఇచ్చే కానుక ఎంతో, టికెట్ ఎవరు తీస్తారో మొదటి ఫోన్లోనే చెప్పేయడం ఇద్దరికీ గౌరవం.

మూడు రోజుల టైమ్ టేబుల్

శుక్రవారం ఆఫీసుల నుంచి అలిసిపోయి వస్తారు. ఆ రాత్రి భోజనం, పరిచయం, రెండు పాటలు, అంతే. పరిచయంలో పేరు, ఊరు, చేసే పని, ఇష్టమైన విషయం ఒకటి చాలు, పెళ్ళైందా లేదా ఎందుకు కాలేదు అన్నది మైకులో చెప్పించకండి.

శనివారం తొమ్మిదింటికి ఆరాధన, మొదటి వాక్యం, టీ, తర్వాత ఎనిమిదేసి మంది గుంపుల్లో చర్చ. ఒకసారి ఆడవాళ్ళు, మగవాళ్ళు విడివిడిగా, ఇంకోసారి కలిపి. గుంపు నడిపేవాళ్ళకి ముందు వారం ఒక గంట కూర్చోబెట్టి చెప్పండి: సలహాలివ్వడం కాదు, వినడం మీ పని, ఇక్కడ విన్నది బయటికి పోకూడదు. మధ్యాహ్నం భోజనం తర్వాత మూడున్నర దాకా ఖాళీ వదిలేయండి. ఏమీ లేని గంటలు చూస్తే కమిటీకి భయమేస్తుంది, ఇంకో ప్రసంగం ఇరికిద్దాం అనిపిస్తుంది. ఇరికించకండి. చెట్టు కింద కుర్చీలేసుకుని ఇద్దరు మాట్లాడుకునే ఆ గంట కోసమే సగం మంది వచ్చారు.

సాయంత్రం వర్క్‌షాపుల గురించి కాసేపట్లో చెప్తాను. రాత్రి భోజనం తర్వాత ప్రశ్నల పెట్టె: పేరు లేకుండా చీటీలు వేయించి, ముగ్గురు జవాబులు చెప్పాలి. ఒంటరితనం, శారీరక కోరికలు, వేరే మతంవాళ్ళతో ప్రేమ, మళ్ళీ పెళ్ళి, అమ్మానాన్నల ఒత్తిడి, అన్నీ వస్తాయి. చీటీలు ముందే చదివి ఒకే రకం ప్రశ్నలు కలపండి, కష్టమైనవి తీసేయకండి. జవాబు చెప్పేవాళ్ళలో ఒక క్రైస్తవ కౌన్సెలర్ ఉంటే చాలా మంచిది. ఆదివారం ఉదయం ఆరాధన, ప్రభువు బల్ల, పదకొండు గంటలకి, ఇక మీదట ఏం చేద్దామన్న చర్చ, భోజనం, రెండింటికి బస్సు.

డబ్బు, ఇల్లు, వీలునామా: ఈ వర్క్‌షాపు వదలకండి

ఆత్మీయ సదస్సులో ఇదేంటి అంటారు కొందరు పెద్దలు. పట్టించుకోకండి, చివర్లో అందరూ గుర్తుచేసుకునేది దీన్నే. ఒంటరిగా ఉండేవాళ్ళు సంపాదన, అద్దె, పెద్దవాళ్ళైన అమ్మానాన్నల మందులు, రేపు తమకి జబ్బు చేస్తే సంగతి, అన్నీ ఒక్క జీతంతో చూసుకోవాలి. క్రైస్తవుల వారసత్వ వ్యవహారాలు తెలిసిన వకీలును ఒకరిని, బీమా, పొదుపు తెలిసినవాళ్ళని ఒకరిని పిలవండి. బీమా ఏజెంటును మాత్రం పిలవకండి, పాలసీలు అమ్ముకుని వెళ్తాడు.

వకీలు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. మనకి వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. దాని ప్రకారం భార్య, భర్త, పిల్లలు లేని క్రైస్తవులు వీలునామా రాయకుండా చనిపోతే, తండ్రి బతికుంటే ఆస్తి మొత్తం తండ్రికే పోతుంది, తల్లికి ఏమీ రాదు. తండ్రి లేకపోతే తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సమానంగా పంచుకుంటారు. పదేళ్ళుగా అమ్మని చూసుకుంటున్న కూతురు, ఫ్లాటు అమ్మకే దక్కాలనుకుంటే, అది రాసి ఉండాల్సిందే. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, ఆస్తి రాసిచ్చేది ఎవరికో వాళ్ళే సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే వాళ్ళకి రాసింది చెల్లదు. బ్యాంకు డిపాజిట్‌కి నామినీ పేరు రాసినంత మాత్రాన అతను వారసుడైపోడు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: వీలునామా రాశాక పెళ్ళి చేసుకుంటే ఆ పాత వీలునామా రద్దయిపోతుంది, మళ్ళీ రాసుకోవాలి.

దీనికి సమాంతరంగా పక్క గదిలో ఇంకో వర్క్‌షాపు పెట్టొచ్చు. భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ళకి, విడాకులైనవాళ్ళకి విడిగా కూర్చునే చోటు. వాళ్ళ బాధా పెళ్ళికానివాళ్ళ బాధా ఒకటి కాదు, గంటన్నరైనా వాళ్ళది వాళ్ళకి ఉండాలి.

పెళ్ళి సంగతి

ఎంత వద్దనుకున్నా వస్తుంది. పాంప్లెట్ బయటికెళ్ళిన వారంలోనే మీకు ఫోన్లు మొదలవుతాయి: "మా వాడికి ముప్పై నాలుగమ్మా, గవర్నమెంటు ఉద్యోగం, అక్కడికి మంచి పిల్లలెవరైనా వస్తే ఫోటోలు పంపు తల్లీ." జవాబు ఒకటే: "ఆంటీ, ఇది ఆ మీటింగ్ కాదండీ. అన్నయ్యకి రావాలనుంటే ఫారం నింపమనండి." అంతకుమించి సాగదీయకండి. బయోడేటాలు తీసుకోవద్దు, తెచ్చినవాళ్ళవి తిరిగి ఇచ్చేయండి. తల్లిదండ్రులకి సదస్సులో ప్రవేశం లేదు, దింపడానికి వచ్చినా గేటు దాకానే.

అలాగని అక్కడ ఎవరైనా ఒకరినొకరు ఇష్టపడటం తప్పన్నట్టు పోలీసుల్లా తిరగకండి. ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడుకుని నచ్చితే అది వాళ్ళ ఇష్టం. ఎవరైనా మీ దగ్గరికొచ్చి ఫలానా సిస్టర్ నంబర్ కావాలంటే, ఇవ్వకండి, ఆమెని అడిగి ఆమెకే ఇతని నంబర్ ఇవ్వండి, ఆమె ఫోన్ చేయకపోతే అదే జవాబు. ఎవరైనా పరిచయంలోనే కులం ఆరా తీయడం మొదలుపెడితే కమిటీవాళ్ళు కలగజేసుకోవాలి. మన సంఘాల్లో పెళ్ళి మాట ఎత్తగానే రెండో ప్రశ్న అదే అవుతుందని అందరికీ తెలుసు, ఈ మూడు రోజులైనా దానికి చోటివ్వకండి.

రిజిస్ట్రేషన్, ప్రచారం

గూగుల్ ఫారంలో పేరు, వయసు, ఫోన్, సంఘం, భోజనం, మందులు లేదా ఆరోగ్య ఇబ్బందులు, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి, వెంట పిల్లలున్నారా, ఇవి చాలు. పెళ్ళి వివరాలు అడగక్కర్లేదు. ఫోటోలు బయట పెట్టడానికి ఒప్పుకుంటారా అని మాత్రం తప్పక అడగండి. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్ళుంటారు, ఆఫీసులో తెలియకూడదనుకునేవాళ్ళుంటారు, మాజీ భర్త వేధిస్తున్నవాళ్ళుంటారు. ఒప్పుకోనివాళ్ళకి వేరే రంగు బ్యాడ్జి ఇచ్చి ఫోటో తీసే అతనికి ముందే చెప్పండి. సదస్సు జరుగుతుండగా ఫేస్‌బుక్ లైవ్ పెట్టకండి.

వాట్సాప్‌లో అందర్నీ ఒక గ్రూపులో వేసేస్తే అందరి నంబర్లూ అందరికీ పోతాయి, ఆ రాత్రి నుంచే ఆడవాళ్ళకి "హాయ్ సిస్టర్" మెసేజ్‌లు మొదలవుతాయి. బ్రాడ్‌కాస్ట్ వాడండి, లేకపోతే నంబర్లు కనిపించని కమ్యూనిటీ ప్రకటనల గ్రూపు వాడండి. ప్రచారానికి పాంప్లెట్ కంటే నోటిమాటే పనిచేస్తుంది: కమిటీలో ఒక్కొక్కరు పదేసి మందికి ఫోన్ చేయాలి. పాస్టర్ గారు ప్రకటన చేసేటప్పుడు ఎవరి పేరూ చెప్పకుండా, ఎవరి వైపూ చూడకుండా చేయమనండి.

భోజనాలు

శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఆరు పూటల భోజనం, మధ్యలో టీలు. శుక్రవారం ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం పదిన్నర దాకా వేడి అన్నం ఉండేలా చూడండి. శనివారం మధ్యాహ్నం పప్పు, కూర, పచ్చడి, పెరుగుతో తేలిగ్గా పెట్టండి, బిర్యానీ పెడితే మధ్యాహ్నం నుంచి అందరూ నిద్రే. బిర్యానీ ఆదివారానికి ఉంచండి. కేజీ బియ్యం ఎనిమిది మందికి లెక్కేసుకుంటే డెబ్బై మందికి తొమ్మిది కేజీలు, వంటతన్ని ఇంకో కేజీ ఎక్కువే వేయమనండి. టీ ఎప్పుడూ తక్కువ పడుతుంది.

భద్రత, పిల్లలు

ఆడవాళ్ళ గదులు ఒక వైపు, మగవాళ్ళవి ఇంకో వైపు. గదులు చూసుకునే సిస్టర్ నంబర్ అందరి దగ్గరా ఉండాలి. స్టేషన్ నుంచి రాత్రిపూట వచ్చే ఆడవాళ్ళని ఒంటరిగా ఆటోలో రమ్మనకండి, బండి పంపండి. కౌన్సెలింగ్, ప్రార్థన అంటూ ఎవరూ, పాస్టర్లతో సహా, తలుపు మూసిన గదిలో ఒక్కరితో కూర్చోకూడదు, అందరికీ కనిపించే చోటే మాట్లాడుకోవాలి. ఫిర్యాదు వస్తే ఎవరికి చెప్పాలో మొదటి రాత్రే రెండు పేర్లు ప్రకటించండి, వాళ్ళలో ఒకరు స్త్రీ. ఫిర్యాదు చిన్నదైనా ఆ రోజే తేల్చండి, సంఘం పరువు అంటూ దాచకండి.

చిన్నపిల్లలున్న తల్లులు, తండ్రులు రావాలంటే పిల్లల్ని చూసుకునే ఏర్పాటుండాలి. ఇద్దరు సండే స్కూల్ టీచర్లు, ఒక గది, బొమ్మలు, రంగులు. ఏ టైమ్‌లోనూ ఒక్క పెద్దమనిషే పిల్లలతో ఉండకూడదు. ఇది పెట్టకపోతే విడోలు రారు, ఎందుకు రాలేదో మీకు ఎప్పటికీ చెప్పరు కూడా.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె, రాత్రంతా ఉండే ఒక కారు, గోడ మీద 108, 112, మహిళల హెల్ప్‌లైన్ 181. ఎవరైనా బాగా కుంగిపోయినట్టు కనిపిస్తే ప్రార్థనతో సరిపెట్టకండి. మానసిక ఆరోగ్య సాయం కోసం ఉన్న టెలీ మానస్ నంబర్ 14416 కూడా అక్కడే రాసి ఉంచండి, అది ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ రోజుల్లో కమిటీ

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర నవ్వే మనిషిని కూర్చోబెట్టండి, లెక్కల మనిషిని పక్కన. గది తాళం, బ్యాడ్జి, టైమ్ టేబుల్ అక్కడే చేతికిచ్చేయాలి. ఒక్కరే వచ్చి మూల నిలబడ్డవాళ్ళని గమనించడానికే ఇద్దరికి పని అప్పగించండి. రోజూ రాత్రి కమిటీ పావుగంట కలిసి, రేపటికి మార్చాల్సినవి మార్చుకోవాలి. సౌండ్ అతను, వంటతను మీ మనుషులే అన్నట్టు చూసుకుంటే సగం సమస్యలు మీ దాకా రావు.

తర్వాత

ఆదివారం బస్సెక్కే ముందే ఫీడ్‌బ్యాక్ తీసుకోండి, ఇంటికెళ్ళాక ఎవరూ నింపరు. ఏది పనికొచ్చింది, ఏది ఇబ్బంది పెట్టింది, వచ్చేసారి కమిటీలో పనిచేస్తారా, ఈ మూడు చాలు. సోమవారం కల్లా వచ్చిన డబ్బు, అయిన ఖర్చు ఒక పేజీలో అందరికీ పంపండి. మిగిలితే ఏం చేయాలో మొదటి కమిటీ మీటింగ్‌లోనే రాసుకుని ఉండాలి, మిగిలాక మాట్లాడుకుంటే గొడవలే.

సంఘ పెద్దలకి ఒక చిన్న నివేదిక ఇవ్వండి, ధన్యవాదాల కోసం కాదు, అడగడం కోసం. క్రిస్మస్ రోజు ఒంటరిగా ఉండేవాళ్ళని భోజనానికి పిలిచే కుటుంబాల లిస్టు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తోడు వెళ్ళేవాళ్ళు, పెళ్ళికాలేదన్న కారణంతో కమిటీల్లో, పెద్దల పదవుల్లో పక్కన పెట్టకుండా ఉండటం. వీటిలో ఏ ఒక్కటి ఒప్పుకున్నా ఎవరు చేస్తారో, ఏ నెలకో ఆ కాగితం మీదే రాయించుకోండి. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో పదిమంది కలిసి భోంచేసేలా రెండు, మూడు ప్రాంతాల గుంపులు కట్టండి, ఉప్పల్‌వాళ్ళు ఒకటి, కూకట్‌పల్లివాళ్ళు ఒకటి అన్నట్టు. వచ్చే ఏడాది కమిటీలో సగం మందిని మార్చేయండి, కోశాధికారిని మాత్రం తప్పకుండా మార్చండి.